ఏ పరీక్షకు ఫీజు కట్టాలి? జీఆర్‌ఈ, ఐఈఎల్‌టీఎస్, పీటీఈ, టోఫెల్, డ్యూయోలింగోలపై సమీక్ష

విదేశాల్లో ఎంఎస్ చదవాలనుకునే విద్యార్థి తొలి దరఖాస్తు పంపకముందే పరీక్షల ఫీజుల కింద సుమారు 40 వేల రూపాయలు చెల్లిస్తున్నాడు. 15 వేల ఫోను కొనడానికి నాలుగు దుకాణాలు తిరిగి, పది సమీక్షలు చదివే ఇళ్లలో సైతం ఈ 40 వేలు మాత్రం అమీర్‌పేటలోనో బెంజి సర్కిల్ దగ్గరో ఏదో ఒక కన్సల్టెన్సీ బల్ల ముందు పావుగంటలో ఖర్చయిపోతున్నాయి. ఇంజినీరింగ్ కళాశాలలో ఇంగ్లిష్ బోధిస్తూ, ఏటా ఈ పరీక్షలకు పిల్లలను సిద్ధం చేసే పనిలో ఉన్నవాణ్ణి కనుక, వీటిని కూడా డబ్బిచ్చి కొనే సేవలుగానే భావించి, ఏది ఎవరికి పనికొస్తుందో, ఏది ఎవరికి అనవసరమో ఇక్కడ విడమరచి రాస్తున్నాను. బీటెక్ పూర్తిచేసి అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, జర్మనీలకు వెళ్లాలనుకునేవారినే ప్రధానంగా దృష్టిలో పెట్టుకున్నాను.

ముందు ఒక తేడాను స్పష్టం చేసుకోవాలి. జీఆర్‌ఈ బాగా వచ్చింది కాబట్టి ఇంగ్లిష్ పరీక్ష అక్కర్లేదనుకునేవారూ, ఐఈఎల్‌టీఎస్‌లో 8 వచ్చింది కాబట్టి సీటు ఖాయమనుకునేవారూ నాకు ప్రతి ఏడూ కనిపిస్తారు. ఇవి రెండూ వేర్వేరు పనులు చేసే పరీక్షలు. గణితాన్నీ, భాషా పటిమనూ కొలిచే జీఆర్‌ఈ, జీమ్యాట్ స్కోర్లను ప్రవేశాల కమిటీ ఇతర అభ్యర్థుల స్కోర్లతో పోల్చి చూస్తుంది. అక్కడ ఎక్కువ వచ్చినకొద్దీ మేలే. ఇంగ్లిష్ పరీక్ష అలాంటిది కాదు. విశ్వవిద్యాలయం పెట్టిన కనీస స్కోరు దాటారా లేదా అన్నదొక్కటే అక్కడ లెక్క, ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 అడిగిన చోట 7 తెచ్చుకున్నవారికీ 8.5 తెచ్చుకున్నవారికీ సాధారణంగా తేడా ఉండదు. టీచింగ్ అసిస్టెంట్‌గా పనిచేస్తూ ఫీజు మినహాయింపు పొందాలనుకునేవారికి మాత్రం మాట్లాడే విభాగంలో వచ్చే స్కోరు ముఖ్యమవుతుంది. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు ఆ ఉద్యోగాలకు ప్రవేశానికి కావలసినదానికన్నా ఎక్కువ స్పీకింగ్ స్కోరు అడుగుతాయి. ఈ అవసరం లేనివారు కనీస స్కోరు దాటిన తరువాత కూడా ఇంకో అర బ్యాండ్ (ఐఈఎల్‌టీఎస్ స్కోరు పాయింటు) కోసం మళ్లీ ఫీజు కట్టడం వృథా.

జీఆర్‌ఈని అమెరికా సంస్థ ఈటీఎస్ నిర్వహిస్తుంది. భారతదేశంలో దీని ఫీజు 22 వేలు దాటింది కాబట్టి ఈ సమీక్షలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను. 2023 సెప్టెంబరు 22 నుంచి పరీక్షను దాదాపు సగానికి కుదించారు. పూర్వం మూడుంముప్పావు గంటలు పట్టిన పరీక్ష ఇప్పుడు 1 గంట 58 నిమిషాల్లో ముగుస్తుంది: 30 నిమిషాల్లో ఒక వ్యాసం, 41 నిమిషాల్లో 27 వెర్బల్ (ఇంగ్లిష్ భాష) ప్రశ్నలు, 47 నిమిషాల్లో 27 క్వాంట్ (గణితం) ప్రశ్నలు. నాలుగో గంటలో బుర్ర మొద్దుబారే బాధ తప్పింది; కాని ప్రశ్నలు తగ్గాయి కనుక ఒక్కొక్క తప్పు విలువ పెరిగింది. వెర్బల్, క్వాంట్ రెండింటికీ స్కోరు 130 నుంచి 170 వరకు ఉంటుంది. ఒక్కొక్కటి రెండు భాగాలుగా వస్తుంది. మొదటి భాగంలో ఎలా రాశారన్నదాన్ని బట్టి రెండో భాగం ఎంత కఠినంగా ఉండాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. కనుక మొదటి భాగంలోని 12 ప్రశ్నలను తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. తప్పు జవాబుకు మార్కులు తగ్గవు. ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు.

క్వాంట్ విషయంలో మన పిల్లలకు ఉన్న ధీమా సగం మాత్రమే సరైనది. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేసినవారికి ఇక్కడ ప్రశ్నకు సుమారు 104 సెకన్లు దొరకడం విలాసంగా కనిపిస్తుంది. గణితం కూడా పదో తరగతి స్థాయిని పెద్దగా దాటదు. కలనగణితం అసలే ఉండదు, తెర మీద కాలిక్యులేటర్ ఇస్తారు. అయినా మంచి ఇంజినీరింగ్ విద్యార్థులు 158 దగ్గర ఆగిపోతుంటారు. సూత్రం గుర్తు చేసుకొని ప్రతిక్షేపించే అలవాటును ఈ పరీక్ష పనిగట్టుకొని దెబ్బతీస్తుంది. ఒక సంఖ్య పెద్దదా, దాని వర్గం పెద్దదా అని అడిగితే మనవాడు 2, 3, 4 మనసులో వేసుకొని వర్గమే పెద్దదని గుర్తు పెట్టేస్తాడు. ఆ సంఖ్య 1/2 కావచ్చునని, అప్పుడు వర్గం 1/4 అవుతుందని, 1 అయితే రెండూ సమానమని, కాబట్టి ఇచ్చిన సమాచారంతో తేల్చలేమన్నదే సరైన జవాబని తోచదు. సమాచారం చాలదని చెప్పే ధైర్యం మన పరీక్షా విధానం నేర్పలేదు. క్వాంట్‌కు సిద్ధమవడం అంటే కొత్త గణితం నేర్చుకోవడం కాదు, ఈ ఒక్క అలవాటు మార్చుకోవడమే అంటాను.

వెర్బల్‌లో సమస్య వేరు. కోచింగ్ సెంటర్లు ఇచ్చే పదాల జాబితాలను అట్టల మీద రాసుకొని బస్సులో వల్లె వేసే పద్ధతి ఇప్పటికీ సాగుతోంది. అది పూర్తిగా వృథా అనను. కాని వాక్యంలోని ఖాళీని పూరించడానికి పదం అర్థం తెలిస్తే చాలదు, ఆ వాక్యం ఏ మలుపు తిరుగుతోందో తెలియాలి. మూడు ఖాళీలున్న ప్రశ్నలో రెండు సరిగా పెట్టి ఒకటి తప్పితే సున్నాయే. పాక్షిక మార్కులు లేవు. ఏళ్ల తరబడి పుస్తకం గాని పత్రిక గాని చదవని విద్యార్థికి రెండు నెలల్లో వెర్బల్ 145 నుంచి 160 కావడం నేను అరుదుగానే చూశాను. అయితే ఇక్కడ పోటీ లెక్క మాత్రం ఆశ్చర్యంగా ఉంటుంది. క్వాంట్‌లో 160 అంటే ప్రపంచవ్యాప్తంగా రాసినవారిలో ఇంచుమించు మధ్యస్థానం. అదే 160 వెర్బల్‌లో వస్తే పర్సంటైల్ 80 దాటుతుంది. మొత్తం 320 అని మాత్రమే చెప్పుకొనే మన అలవాటు ఈ తేడాను మరుగుపరుస్తుంది. సాంకేతిక విభాగాలు ముందు క్వాంట్ చూస్తాయి కాబట్టి 168, 152 కలిసిన 320కీ, 160, 160 కలిసిన 320కీ కంప్యూటర్ సైన్స్ విభాగంలో ఒకే ఆదరణ దొరుకుతుందనుకోవద్దు.

అసలు రాయాలా వద్దా అన్నది తరువాతి ప్రశ్న. 2020లో కొవిడ్ కారణంగా పరీక్షా కేంద్రాలు మూతపడినప్పుడు అమెరికాలో అనేక విభాగాలు జీఆర్‌ఈని ఎత్తివేశాయి. కొన్ని మళ్లీ పెట్టాయి, కొన్ని ఐచ్ఛికంగా ఉంచాయి, కొన్ని పంపినా చూడబోమని స్పష్టంగా రాశాయి. ఒకే విశ్వవిద్యాలయంలో ఒక విభాగం అడగకపోవచ్చు, పక్క విభాగం తప్పనిసరి చేయవచ్చు. అందుచేత విశ్వవిద్యాలయం పేరు చూసి కాక విభాగం పేజీ తెరిచి చూసుకోవాలి. నా అభిప్రాయంలో ఐచ్ఛికం అని రాసినచోట జీఆర్‌ఈ ఎక్కువగా ఉపయోగపడేది ఒక రకం విద్యార్థికి: అమెరికాలో ఎవరూ పేరు వినని కళాశాలలో చదివి, సీజీపీఏ 7.2 నుంచి 7.8 మధ్య ఉండి, ఒకటి రెండు బ్యాక్‌లాగ్‌లు కూడా ఉన్నవాడికి. అతని మార్కుల జాబితాను చదవడానికి అక్కడి ప్రొఫెసర్ దగ్గర కొలబద్ద ఏదీ లేదు; క్వాంట్‌లో 167 ఆ కొలబద్ద అవుతుంది. ఐఐటీలోనో ఎన్ఐటీలోనో 9 సీజీపీఏతో చదివి, రెండు పరిశోధనా పత్రాలున్న అమ్మాయికి ఐచ్ఛిక జీఆర్‌ఈ వల్ల కలిసివచ్చేది తక్కువ. ఇక ఐచ్ఛికమైన చోట క్వాంట్ 160 దాటని స్కోరును పంపకపోవడమే మంచిది. స్కోర్ సెలెక్ట్ అనే సౌకర్యం వల్ల అనేకసార్లు రాసినా నచ్చిన స్కోరునే పంపుకోవచ్చు. ఈటీఎస్ ఇస్తున్న సౌకర్యాల్లో నాకు నిజంగా నచ్చినది ఇదే. రెండు ప్రయత్నాల మధ్య 21 రోజుల వ్యవధి ఉండాలి, 12 నెలల్లో 5 సార్లకు మించి రాయడానికి వీల్లేదు.

బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఇంజినీరింగ్ మాస్టర్స్ కోర్సులు చాలావరకు జీఆర్‌ఈని అడగవు. ఆ దేశాలకే వెళ్లాలని నిశ్చయించుకున్నవారు ఎందుకైనా మంచిదని రాయడం 22 వేలను కాలవలో పోయడమే. జర్మనీలో కొన్ని విభాగాలు మాత్రం భారతీయ డిగ్రీ ఉన్నవారిని జీఆర్‌ఈ గాని గేట్ గాని అడుగుతాయి. అక్కడికి వెళ్లేవారికి పరీక్షలకన్నా ముందు ఏపీఎస్ ధ్రువపత్రం (మన చదువు పత్రాలను సరిచూసి ఇచ్చేది) కావాలి. 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థుల వీసాకు అది తప్పనిసరి. దానికి పట్టే వారాల లెక్క వేసుకోకుండా ఐఈఎల్‌టీఎస్ తేదీ ముందు ఖాయం చేసుకున్నవారు తరువాత అవస్థపడ్డారు.

జీమ్యాట్ గురించి రెండు ముక్కలు చాలు. ఎంబీఏ, ఫైనాన్స్, మేనేజ్‌మెంట్ కోర్సులకు వెళ్లేవారి పరీక్ష అది. 2023 నవంబరులో వచ్చిన కొత్త రూపంలో క్వాంట్, వెర్బల్, డేటా ఇన్‌సైట్స్ అనే మూడు భాగాలు ఒక్కొక్కటి 45 నిమిషాలు. స్కోరు 205 నుంచి 805 వరకు. పాత పరీక్షలోని 700కూ కొత్త పరీక్షలోని 700కూ విలువ ఒకటి కాదు. పాత స్కోరు ఉన్న అన్నయ్యల సలహాను ఆ మేరకు తగ్గించుకొని వినాలి. చాలా బిజినెస్ స్కూళ్లు జీఆర్‌ఈని కూడా అంగీకరిస్తున్నాయి కాబట్టి బిజినెస్ అనలిటిక్స్, ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్ కోర్సుల మధ్య ఊగిసలాడుతున్నవారికి జీఆర్‌ఈ ఒక్కటే రెండు వైపులా పనికొస్తుంది. ఎంబీఏ తప్ప మరేదీ వద్దనుకునేవారే జీమ్యాట్‌కు డబ్బు కట్టాలి.

ఇంగ్లిష్ పరీక్షల్లో మనవారికి బాగా తెలిసిన పేరు ఐఈఎల్‌టీఎస్. బ్రిటిష్ కౌన్సిల్, ఐడీపీ, కేంబ్రిడ్జి కలిసి దీన్ని నడుపుతున్నాయి. భారతదేశంలో 2021 నుంచి నిర్వహణ అంతా ఐడీపీ చేతిలోనే ఉంది. ఐడీపీ విద్యార్థులను విదేశీ విశ్వవిద్యాలయాలకు చేర్చే వ్యాపారం కూడా చేస్తుందని గుర్తుపెట్టుకుంటే, పరీక్ష గురించీ విశ్వవిద్యాలయం గురించీ వచ్చే సలహా ఒకే చోటు నుంచి వస్తున్నప్పుడు దాన్ని ఎంతవరకు తీసుకోవాలో తెలుస్తుంది. సలహా తప్పని నేననడం లేదు. కన్సల్టెన్సీలకు కూడా బ్రిటన్, ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాల నుంచి కమీషన్ ముడుతుంది, ఉచిత కోచింగ్ అనే బోర్డుల వెనుక ఉన్నది అదే.

పరీక్షగా చూస్తే ఐఈఎల్‌టీఎస్ నాకు గౌరవం కలిగించిన పరీక్ష. 30 నిమిషాల వినికిడి, 60 నిమిషాల పఠనం, 60 నిమిషాల రచన, ఆపైన 11 నుంచి 14 నిమిషాల పాటు ఎగ్జామినర్‌తో ముఖాముఖి సంభాషణ. ఆ సంభాషణే దీని విశిష్టత. మాటకు మధ్యలో తడబడి, ఒక క్షణం ఆగి, మరో విధంగా చెప్పుకొస్తే మనిషి అర్థం చేసుకుంటాడు. అందుకే పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, వ్యాకరణం కాస్త వెనుకబడినా నలుగురితో కలివిడిగా మాట్లాడగల పిల్లలకు నేను దీన్నే సూచిస్తాను. అపరిచితుడి కళ్లలోకి చూడగానే గొంతు పెగలని పిల్లలకు అదే సంభాషణ శిక్ష అవుతుంది. మనవారిలో ఇంకొక అలవాటు ఉంది: వేగంగా మాట్లాడితే ధారాళంగా మాట్లాడినట్టని అనుకుంటారు. ఎగ్జామినర్‌కు కావలసింది వేగం కాదు, వాక్యం పూర్తికావడం.

పఠన విభాగంలో మన పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునే మార్కులు ఒకే రకం ప్రశ్నలో ఉన్నాయి. ఇచ్చిన వాక్యం నిజమా, అబద్ధమా, లేక ఆ విషయం పాఠంలో చెప్పనే లేదా అని అడుగుతారు. పాఠం ఆ మాటను ఖండించిందా, లేక దాని ఊసే ఎత్తలేదా అన్న వివేచన అక్కడ కావాలి. మనవాడు తనకు తెలిసిన లోకజ్ఞానాన్ని పాఠం మీద రుద్ది, చెప్పని విషయాన్ని అబద్ధమని గుర్తిస్తాడు. వినికిడిలో బహువచనపు చివరి అక్షరం ఒక్కటి వదిలేసినందుకు మార్కు పోతుంది. రికార్డింగ్ ఒక్కసారే వినిపిస్తారు. రచనలో రెండో వ్యాసం కనీసం 250 పదాలు ఉండాలి. బట్టీపట్టిన ఎత్తుగడలను, ఏ విషయానికైనా అతికించగల ముగింపులను ఎగ్జామినర్లు సులభంగా పసిగడతారు. అయినా కోచింగ్ సెంటర్లు వాటినే అచ్చువేసి పంచుతున్నాయి. రాష్ట్రమంతటా ఒకే మొదటి వాక్యంతో వ్యాసాలు వస్తుంటే చదివేవారికి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

బ్యాండ్ లెక్క తెలియక నష్టపోయేవారూ ఉన్నారు. నాలుగు విభాగాల సగటును దగ్గరి అర బ్యాండ్‌కు సవరిస్తారు. వినికిడి 7.5, పఠనం 7, రచన 5.5, సంభాషణ 6.5 వచ్చిన విద్యార్థికి సగటు 6.625; ఓవరాల్ 6.5. విశ్వవిద్యాలయం 6.5 అడిగింది కాబట్టి ఇల్లంతా సంతోషించింది. కాని ఏ విభాగంలోనూ 6కు తగ్గకూడదన్న రెండో నిబంధన కింద ఆ దరఖాస్తు ఆగిపోయింది. ఇలాంటివారి కోసం ఒకే విభాగాన్ని 60 రోజుల్లోగా మళ్లీ రాసుకునే వన్ స్కిల్ రీటేక్ సౌకర్యం భారతదేశంలోనూ అందుబాటులోకి వచ్చింది. మొత్తం ఫీజు మళ్లీ కట్టనక్కర్లేని ఈ ఏర్పాటు ఐఈఎల్‌టీఎస్‌కు పెద్ద ఆకర్షణ. అయితే ఆ స్కోరును అన్ని విశ్వవిద్యాలయాలూ, అన్ని దేశాలూ ఒప్పుకోవు. ఫీజు కట్టేముందు వెళ్లదలచిన చోట రాసి అడిగి జవాబు తెప్పించుకోవాలి.

పియర్సన్ సంస్థ నడిపే పీటీఈ అకడమిక్ దీనికి పూర్తిగా భిన్నమైన పరీక్ష. సుమారు రెండు గంటలు, అంతా కంప్యూటర్ ముందే. ఎదురుగా మనిషి ఉండడు. స్కోరు 10 నుంచి 90 వరకు, ఫలితం సాధారణంగా రెండు రోజుల్లో వస్తుంది. మూల్యాంకనంలో ప్రధాన భాగం యంత్రానిదే. యంత్రానికి మొహమాటం లేదు, జాలీ లేదు. తెర మీది పేరాను చదవమన్నప్పుడు మధ్యలో తప్పు దిద్దుకోవడానికి వెనక్కి వెళితే ధారాళతకు మార్కు తగ్గుతుంది. తప్పు చదివినా ఆగకుండా సాగిపోవడమే మేలు. ఐఈఎల్‌టీఎస్ ఎగ్జామినర్ దగ్గర దిద్దుకోవడం సహజమైన విషయం, ఇక్కడ నష్టం. పదాన్ని అచ్చుతో ముగించే మన నోటి అలవాటు, రెండు రకాల వకారాలను ఒకేలా పలికే అలవాటు కూడా ఇక్కడ కాస్త ఎక్కువ ఖరీదు పడతాయని నా అనుభవం. విన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు తిరిగి చెప్పడం, రాయడం అనే అంశాలకు ఈ పరీక్షలో మంచి బరువు ఉంది కాబట్టి జ్ఞాపకశక్తి ఉన్నవారు లాభపడతారు. మన బట్టీ చదువు ఎట్టకేలకు అక్కరకొచ్చే చోటు ఇదొక్కటే అనిపిస్తుంది.

పీటీఈ కేంద్రాల్లో ఎదురయ్యే అసలు ఇబ్బంది పక్కవారి గొంతు. అందరూ ఒకే గదిలో, ఇంచుమించు ఒకే సమయంలో హెడ్‌సెట్ పెట్టుకొని మాట్లాడతారు. నా విద్యార్థిని ఒకరు రాసిన కేంద్రంలో పక్క అభ్యర్థి దాదాపు అరుస్తూ సమాధానాలు చెప్పడంతో ఆమె తన వాక్యాలు మరిచిపోయింది. ఫిర్యాదు చేయడానికి పరీక్ష మధ్యలో చేయి ఎత్తాలని ఆమెకు ముందుగా ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ పరీక్షకు సిద్ధమయ్యేవారిని ఇంట్లో టీవీ పెట్టుకొని సాధన చేయమంటాను. ఆస్ట్రేలియా వెళ్లేవారికి పీటీఈ సహజమైన ఎంపిక. అక్కడి వీసా విభాగమూ, విశ్వవిద్యాలయాలూ దీన్ని ఎప్పటినుంచో అంగీకరిస్తున్నాయి. 2024 మార్చి 23 నుంచి ఆస్ట్రేలియా విద్యార్థి వీసాకు కావలసిన కనీస స్థాయిని ఐఈఎల్‌టీఎస్ లెక్కలో 5.5 నుంచి 6కు పెంచారు. ఇంటి నుంచి రాసిన పరీక్షలను ఆ వీసాకు లెక్కలోకి తీసుకోరు. కెనడాలో ఐఈఎల్‌టీఎస్ 6 బ్యాండ్ ఉంటే వీసా వేగంగా తేల్చే ఎస్‌డీఎస్ పద్ధతి 2024 నవంబరు 8తో ముగిసింది. దాని పేరు చెప్పి ఇప్పటికీ బ్యాచ్‌లు నడిపేవారు ఉంటే లేచి బయటికి రావచ్చు.

టోఫెల్‌ను సమీక్షించడం ప్రస్తుతం కాస్త కష్టమైన పని, ఎందుకంటే 2026 జనవరి 21 నుంచి ఆ పరీక్ష రూపమే మారిపోయింది. పఠనం, వినికిడి విభాగాలు ఇప్పుడు అభ్యర్థి స్థాయిని బట్టి మారుతాయి. 120కి ఇచ్చే పాత స్కోరు స్థానంలో 1 నుంచి 6 వరకు అర పాయింట్ల కొలమానం వచ్చింది. రెండేళ్ల పాటు పాత కొలమానంలో సమాన స్కోరును కూడా ఫలితంలో చూపిస్తారు. పెద్ద పాఠాలతో పాటు ఈమెయిల్ రాయడం, పదాలను వాక్యంగా కూర్చడం, విన్నది తిరిగి చెప్పడం, చిన్న ఇంటర్వ్యూ ప్రశ్నలకు జవాబివ్వడం వంటివి వచ్చాయి. అందువల్ల సీనియర్ల దగ్గర తీసుకున్న పుస్తకాలు, వారు చెప్పిన చిట్కాలు ఇప్పుడు చాలావరకు పనికిరావు. పాత పుస్తకాన్నే జిరాక్స్ తీసి ఇచ్చే సంస్థలో చేరితే నష్టం రెండింతలు. మైకు ముందు మాట్లాడటానికి జంకని, అమెరికా ఉచ్చారణ చెవికి అలవాటైన విద్యార్థికి టోఫెల్ ఇప్పటికీ సరైనదే. అమెరికాకే వెళ్లేవారికి ఐఈఎల్‌టీఎస్‌కన్నా ఇది ఎక్కువ విలువైనదన్న నమ్మకానికి మాత్రం ఆధారం లేదు; అక్కడి విశ్వవిద్యాలయాలు రెండింటినీ సమానంగానే చూస్తున్నాయి.

డ్యూయోలింగో ఇంగ్లిష్ టెస్ట్ ఇంటి నుంచి గంటలో ముగిసే పరీక్ష. స్కోరు 160కి లెక్క, ఫలితం రెండు రోజుల్లో వస్తుంది. ఫీజు మిగతా మూడింటిలో సగం కూడా ఉండదు, ఎన్ని విశ్వవిద్యాలయాలకైనా స్కోరు ఉచితంగా పంపుకోవచ్చు. కొవిడ్ కాలంలో అమెరికా విశ్వవిద్యాలయాలు దీన్ని విస్తృతంగా అంగీకరించాయి. గడువు ముంచుకొచ్చిన సమయంలో దీనికి సాటిలేదు. అయితే కెమెరా నిఘా కఠినంగా ఉంటుంది. చూపు పక్కకు పోయినా, గదిలోకి ఎవరైనా వచ్చినా ఫలితం రద్దు కావచ్చు. ఉమ్మడి కుటుంబాల్లో, కరెంటు పోయే ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఆస్ట్రేలియా వీసాకు ఇది చెల్లదు, బ్రిటన్ వీసాకు గుర్తించిన పరీక్షల జాబితాలోనూ ఇది లేదు. అమెరికాకు మాత్రమే, అదీ విభాగం పేజీలో దీని పేరు స్పష్టంగా రాసి ఉన్నప్పుడే తీసుకోవాలి.

అమెరికా ఎఫ్-1 వీసాకు ప్రత్యేకంగా కనీస ఇంగ్లిష్ స్కోరు లేదు. విశ్వవిద్యాలయం సంతృప్తి చెంది, ప్రవేశాన్ని ధ్రువీకరించే ఐ-20 పత్రం ఇస్తే చాలు. నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో అధికారి అడిగే రెండు మూడు ప్రశ్నలకు మాత్రం ఏ స్కోరు పత్రమూ జవాబు చెప్పదు. బ్రిటన్‌లో డిగ్రీ, అంతకు పైస్థాయి కోర్సులకు అర్హత కలిగిన విశ్వవిద్యాలయాలు విద్యార్థి ఇంగ్లిష్‌ను తామే అంచనా వేసుకోవచ్చు. అందుకే కొన్నిచోట్ల ఇంటర్మీడియట్ ఇంగ్లిష్ మార్కులతోనో, ఇంగ్లిష్ మాధ్యమంలో చదివినట్టు కళాశాల ఇచ్చే ధ్రువపత్రంతోనో పని జరిగిపోతుంది. ఏ బోర్డు మార్కులను ఒప్పుకుంటారన్నది ఒక్కో విశ్వవిద్యాలయానికి ఒక్కోలా ఉంటుంది. 17, 18 వేల పరీక్ష ఫీజు కట్టేముందు ప్రవేశాల కార్యాలయానికి ఒక ఈమెయిల్ రాసి అడగడానికి ఖర్చేమీ లేదు.

కోచింగ్ గురించి అడిగేవారికి నా సలహా కాస్త కటువుగానే ఉంటుంది. ఈటీఎస్ తన పవర్‌ప్రెప్ ద్వారా జీఆర్‌ఈకి రెండు పూర్తిస్థాయి నమూనా పరీక్షలను ఉచితంగా ఇస్తుంది. జీమ్యాట్ నిర్వాహకులు కూడా రెండు ఇస్తారు. డ్యూయోలింగో సాధన పరీక్ష ఉచితం. ముందు వాటిలో ఒకటి ఇంట్లో రాసి, వచ్చిన స్కోరుకూ కావలసిన స్కోరుకూ ఎంత దూరముందో చూసుకొని, అప్పుడు కోచింగ్ అవసరమా అని ఆలోచించాలి. క్వాంట్‌లో 8 పాయింట్ల లోటును స్వయంగా పూడ్చుకోవచ్చు. రచన, సంభాషణలకు మాత్రం తప్పులు దిద్దే మనిషి కావాలి. కాబట్టి 60 మంది కూర్చునే బ్యాచ్‌లో 20 వేలు కట్టడం కన్నా, వారానికి రెండు వ్యాసాలు ఎర్ర సిరాతో దిద్ది ఇచ్చే ఒక్క మంచి ఉపాధ్యాయుణ్ణి వెతుక్కోవడం లాభం.

ఎప్పుడు రాయాలన్నది స్కోరు చెల్లుబాటు కాలాన్ని బట్టి తేల్చుకోవాలి. జీఆర్‌ఈ, జీమ్యాట్ స్కోర్లు అయిదేళ్లు చెల్లుతాయి. ఇంగ్లిష్ పరీక్షలవి రెండేళ్లే. కనుక చదివే అలవాటు చెడకముందే, బీటెక్ మూడో సంవత్సరం ముగిసిన వేసవిలో జీఆర్‌ఈ పూర్తిచేసి, ఇంగ్లిష్ పరీక్షను నాలుగో సంవత్సరం ఆగస్టు, అక్టోబరుల మధ్యకు ఉంచుకోవడం మంచి క్రమం. ఫాల్ (ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే) ప్రవేశాలకు మంచి విశ్వవిద్యాలయాల గడువులు డిసెంబరులోనే మొదలవుతాయి. అప్పటికి రెండోసారి రాసే అవకాశం కూడా మిగులుతుంది. రెండేళ్లు ఉద్యోగం చేసి వెళ్లాలనుకునేవారు ఇంగ్లిష్ పరీక్షను ముందే రాస్తే ఆ స్కోరు గడువు తీరిపోతుంది.

స్లాట్ బుక్ చేసేటప్పుడు పేరు విషయంలో జాగ్రత్త అవసరం. పదో తరగతి ధ్రువపత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, ఆధార్‌లో పేరుకు చివరన ఉండటం మన ఇళ్లలో సర్వసాధారణం. పరీక్షకు నమోదయ్యే పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అదే వరుసలో, అదే వర్ణక్రమంతో ఉండాలి. తేడా ఉంటే కేంద్రం గుమ్మం దగ్గరే వెనక్కి పంపుతారు, ఫీజు తిరిగి రాదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారు పరీక్షకన్నా ముందు దాన్నే సరిచేయించుకోవాలి. లేకపోతే స్కోరు నివేదికలో ఒక పేరు, ఐ-20లో మరో పేరు వచ్చి, వీసా దరఖాస్తు నింపే రోజున ఆ చిక్కు విప్పుకోవలసి వస్తుంది. పాస్‌పోర్టు సవరణకు వారాలు పట్టవచ్చు కాబట్టి ఆ దరఖాస్తు మూడో సంవత్సరం సెలవులకు ముందే పెట్టుకోవాలి.